రివెన్‌తో గెలవాలంటే: దూకే ముందు చూసుకోవాల్సిన లెక్కలు

లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో దగ్గరికెళ్లి కొట్టే ఛాంపియన్లకు కొదవ లేదు. కొందరు నడుచుకుంటూ వచ్చి కొడతారు, కొందరు దూకి కొడతారు. రివెన్ రెండో రకం. 2011 సెప్టెంబరులో ఆటలోకి వచ్చింది. అప్పటి నుంచి ఆమెను పట్టుకుని వదలని టాప్ లేనర్లు ఉన్నారు, రెండు మ్యాచ్‌లు ఆడి దండం పెట్టేసిన వాళ్లూ ఉన్నారు. దండం పెట్టేసిన వాళ్లను అడిగితే చెప్పేది దాదాపు ఒకటే: "నా వేళ్లకు అంత స్పీడు లేదు."

స్పీడు కావాలి, కాదనను. కానీ రివెన్‌తో చనిపోయిన సందర్భాలను తీరిగ్గా చూసుకుంటే, వేళ్లు ఆలస్యమై పోయిన ప్రాణాలు తక్కువే ఉంటాయి. దూకడానికి ఉన్నవన్నీ లోపలికి వెళ్లడానికే వాడేసి, బయటికి రావడానికి ఏమీ మిగలక పోయినవే ఎక్కువ. అందుకే ఇక్కడ కాంబోల కంటే లెక్కల గురించే ఎక్కువ చెబుతాను. లేన్లు, మినియన్లు, టవర్లు, జంగిల్ అంటే ఏంటో మీకు తెలుసనుకుని రాస్తున్నాను.

మొదట: చేతిలో ఏముందో తెలుసుకోండి

రివెన్‌కి మానా లేదు, ఎనర్జీ కూడా లేదు. ఏ స్కిల్ వాడినా ఖర్చయ్యేది సమయమే. కాబట్టి కూల్‌డౌన్లను (స్కిల్ మళ్లీ సిద్ధమయ్యేదాకా ఆగాల్సిన సమయాన్ని) జేబులో డబ్బులా చూడటం అలవాటు చేసుకోండి: ఎంత ఉంది, ఎంత ఖర్చు పెట్టారు, మళ్లీ ఎప్పుడు వస్తుంది.

క్యూ స్కిల్ పేరు బ్రోకెన్ వింగ్స్. ఒకసారి నొక్కితే చిన్న దూకుడు, దెబ్బ. దాన్ని వరుసగా మూడుసార్లు నొక్కవచ్చు. ఒక్కో నొక్కుకీ మధ్య 4 సెకన్ల వరకు గడువు ఉంటుంది. మొదటి రెండూ మామూలు దెబ్బలు. మూడోది మాత్రం ఎదుటివాళ్లను ముప్పావు సెకను గాల్లోకి లేపుతుంది, గోడలను కూడా దాటిస్తుంది. డబ్ల్యూ అంటే కీ బర్స్ట్: చుట్టూ ఉన్నవాళ్లకు ముప్పావు సెకను స్టన్. దాని పక్కన E మీటలో ఉండేది వేలర్: కర్సర్ వైపు చిన్న దూకుడు, దాంతోపాటు సెకనున్నర పాటు షీల్డ్. ఆర్ నొక్కితే విరిగిన కత్తి 15 సెకన్లు పూర్తి కత్తి అవుతుంది. దెబ్బ బలం పెరుగుతుంది, అందే దూరం పెరుగుతుంది. ఆ 15 సెకన్లలోపు మళ్లీ ఆర్ నొక్కితే విండ్ స్లాష్ పోతుంది. ఎదుటివాళ్ల ప్రాణం తగ్గేకొద్దీ దాని దెబ్బ పెరుగుతుంది, పావు వంతు ప్రాణం మిగిలినప్పుడు గరిష్ఠ స్థాయికి చేరుతుంది.

అంటే మొత్తం దూకుళ్లు నాలుగు: క్యూలో మూడు, వేలర్ ఒకటి. ఈ నాలుగే మీ ఆస్తి.

పాసివ్‌ను, అంటే మీట నొక్కకుండానే దానంతటదే పనిచేసే స్కిల్‌ను, చాలామంది పట్టించుకోరు, రివెన్ దెబ్బ బలంలో మంచి భాగం అందులోనే ఉంటుంది. ఒక్కో స్కిల్ వాడినప్పుడల్లా కత్తికి ఒక చార్జ్ ఎక్కుతుంది. గరిష్ఠంగా మూడు చార్జ్‌లు, 6 సెకన్లు ఉంటాయి. ఒక్కో మామూలు దెబ్బకు ఒక చార్జ్ ఖర్చయి అదనపు డ్యామేజ్ పడుతుంది. కాబట్టి క్యూ, క్యూ, క్యూ, డబ్ల్యూ అని టకటకా నొక్కేస్తే నాలుగు స్కిల్స్ వాడినా చార్జ్‌లు మూడే. మధ్యలో మామూలు దెబ్బ పడకపోతే సగం బలం వృథా. ఒక స్కిల్, ఒక దెబ్బ, ఒక స్కిల్, ఒక దెబ్బ. రివెన్ ఆట లయ ఇదే.

క్యూ గడియారం

దీనికి విడిగా చోటిస్తున్నాను, ఎందుకంటే మంచి రివెన్‌కీ మామూలు రివెన్‌కీ తేడా ఎక్కువగా ఇక్కడే కనిపిస్తుంది.

క్యూ కూల్‌డౌన్ 13 సెకన్లు. ర్యాంకు పెంచినా ఆ అంకె తగ్గదు, దెబ్బే పెరుగుతుంది. (ప్యాచ్‌లలో అంకెలు అటూ ఇటూ అవుతుంటాయి. ఆటలో స్కిల్ బొమ్మ మీద మౌస్ పెడితే తాజా అంకె కనిపిస్తుంది.) అసలు సంగతేంటంటే, ఆ 13 సెకన్లు మొదలయ్యేది మూడో క్యూ తర్వాత కాదు, మొదటి క్యూ నొక్కిన క్షణం నుంచే.

మూడు క్యూలూ రెండు సెకన్లలో వాడేశారనుకోండి. మిగతా 11 సెకన్లు మీరు నడిచే మనిషే. అదే మొదటి క్యూ వాడి, గడువు దాదాపు అయ్యేదాకా ఆగి రెండోది, మళ్లీ అలాగే ఆగి మూడోది వాడితే, మూడోది పడేసరికి 8 సెకన్లు గడిచిపోతాయి. ఇంకో 5 సెకన్లలో మళ్లీ మూడూ చేతికొస్తాయి. కొట్లాటలో అంత ఆగడం ఎప్పుడూ కుదరదు. కానీ లేన్‌లోకి నడిచి వస్తున్నప్పుడు, ఎదుటివాడి ముందు అటూ ఇటూ తిరుగుతున్నప్పుడు, పొదల దగ్గర కాచుకుని ఉన్నప్పుడు ఇలా సాగదీయవచ్చు. మూడో క్యూని సిద్ధంగా ఉంచుకుని దగ్గరికెళ్తే, మీ మొదటి కదలికే ఎదుటివాడిని గాల్లోకి లేపేది అవుతుంది. పైగా వెంటనే కొత్త వరుస కూడా వచ్చేస్తుంది.

ఎబిలిటీ హేస్ట్ ఇచ్చే, అంటే కూల్‌డౌన్ తగ్గించే వస్తువులు రివెన్‌కి ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టే అర్థమవుతుంది. సూత్రం సులువు: అసలు కూల్‌డౌన్‌ను 100తో గుణించి, 100 ప్లస్ హేస్ట్‌తో భాగించాలి. 30 హేస్ట్ ఉంటే 13 కాస్తా 10 సెకన్లవుతుంది. పైన చెప్పినట్టు సాగదీసి వాడితే మూడో క్యూ తర్వాత 2 సెకన్లకే మళ్లీ మొదటిది రెడీ. రివెన్ ఆట నడిమధ్యలో ఒక్కసారిగా ప్రాణాంతకంగా మారినట్టు అనిపించడానికి ఇదొక కారణం.

వేళ్లకు పని: ప్రాక్టీస్ టూల్‌లో

ర్యాంక్‌డ్‌లోకి వెళ్లే ముందు ప్రాక్టీస్ టూల్ తెరిచి ఒక డమ్మీని నిలబెట్టండి. నేర్చుకోవాల్సింది ఒక్క వరుసే: దెబ్బ, క్యూ, కదలిక, దెబ్బ.

డమ్మీ మీద రైట్ క్లిక్ చేయండి. దెబ్బ తగిలి డ్యామేజ్ అంకె కనిపించగానే, కర్సర్ డమ్మీ మీదే ఉంచి క్యూ నొక్కండి. వెంటనే నేల మీద, డమ్మీకి కాస్త పక్కగానో వెనకగానో, ఒక్క రైట్ క్లిక్. ఈ క్లిక్ క్యూ తర్వాత వచ్చే కత్తి విసురు యానిమేషన్‌ను మధ్యలోనే తెంపేస్తుంది. ఆ వెంటనే మళ్లీ డమ్మీ మీద రైట్ క్లిక్. ఇలా మూడు క్యూలకూ చేయాలి.

తొందరపడి క్యూ ముందే నొక్కితే దెబ్బ తగలకుండానే పోతుంది: కత్తి ఊగుతుంది, అంకె రాదు. నేల మీద క్లిక్ ఆలస్యమైతే దెబ్బకీ దెబ్బకీ మధ్య రివెన్ ఒక క్షణం నిలబడిపోయినట్టు కనిపిస్తుంది. మొదటి తప్పు రెండోదానికంటే చేటు. నిదానంగా కొట్టే రివెన్ కొడుతుంది, తొందరపడే రివెన్ గాలిని కొడుతుంది. అందుకని ముందు నిదానంగా, ఒక్క దెబ్బ కూడా తప్పకుండా చేయండి. అది నిలిచాక వేగం పెంచండి. పింగ్ ఎక్కువగా ఉన్న కనెక్షన్‌లో ఈ టైమింగ్ మారుతుంది కాబట్టి, వేరే నెట్‌వర్క్ మీద ఆడినప్పుడు ఒక ఐదు నిమిషాలు డమ్మీతో సరిచూసుకోవడం మంచిది.

ఆ తర్వాత రెండో పాఠం, నిజానికి ఇదే ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. క్యూ కర్సర్ ఎటు ఉంటే అటు పోదు. కర్సర్ కింద శత్రువు ఉంటే ఆ శత్రువు వైపు పోతుంది, లేకపోతే రివెన్ ముఖం ఎటు ఉంటే అటు. పారిపోదామని కర్సర్ వెనక్కి లాగి క్యూ నొక్కితే, ఆమె ఇంకా ముందుకే చూస్తోంది కాబట్టి నేరుగా శత్రువు ఒళ్లోకి దూకుతుంది. ముందు వెనక్కి రైట్ క్లిక్ చేసి ఆమెను తిప్పండి, తర్వాత క్యూ. వేలర్‌కి ఈ బాధ లేదు, అది కర్సర్‌ను చూసే పోతుంది.

మూడోది చిన్నది: వేలర్ దూకుతూ ఉండగానే డబ్ల్యూ నొక్కవచ్చు, ఆర్ కూడా నొక్కవచ్చు. ఆర్ తెరిచేటప్పుడు రివెన్ ఒక క్షణం ఆగి కత్తి ఎత్తుతుంది. దాన్ని వేలర్ దూకుడులో కలిపేస్తే ఆ ఆగడం కనిపించదు, ఎదుటివాడికి స్పందించే టైమ్ దొరకదు. వీడియోల్లో కనిపించే పొడవాటి కాంబోలన్నీ ఈ మూడింటిని అతికించినవే. వాటిని నేర్చుకోవద్దని కాదు, మొదటి నెలలో వాటి కోసం బుర్ర పాడుచేసుకోవద్దంటాను.

సెట్టింగ్స్‌లో "టార్గెట్ ఛాంపియన్స్ ఓన్లీ" అనే ఆప్షన్‌కి చేతికందే మీట ఒకటి పెట్టుకోండి. మినియన్ల గుంపులో కొట్లాట జరిగితే మీ క్లిక్‌లు మినియన్ల మీద పడకుండా ఇది చూసుకుంటుంది.

లేన్: ఏ దూకుడు లోపలికి, ఏది బయటికి

స్కిల్ ఎంపికలో పెద్దగా ఆలోచించక్కర్లేదు. మొదట క్యూ, తర్వాత వేలర్, తర్వాత డబ్ల్యూ. దూరం నుంచి కొట్టేవాళ్లు ఎదురైతే మొదటే వేలర్ తీసుకోవడం కూడా మంచిదే. పెంచుకునే క్రమం: క్యూ, వేలర్, డబ్ల్యూ. రూన్లలో కాంకరర్ ఎక్కువమంది వాడేది. అందులో తప్పేం లేదు.

సోలో లేన్‌లో మొదటి వేవ్ మొత్తం, రెండో వేవ్‌లో ఒక మెలీ మినియన్ చనిపోయేసరికి రెండో లెవెల్ వస్తుంది. ఆ ఒక్క మినియన్‌ను మీరు ముందు చంపగలిగితే ఎదుటివాడికి ఒక స్కిల్ ఉన్నప్పుడు మీకు రెండు ఉంటాయి. ఆ కొద్ది క్షణాల్లో చిన్న దెబ్బలాటకు దిగండి.

దెబ్బలాటలు రెండు రకాలు, వాటిని కలపకండి.

చిన్నదానిలో ఉద్దేశం నాలుగు దెబ్బలు కొట్టి ఖాళీ చేతులతో రాకుండా తిరిగి రావడం. దీనికి లోపలికి వెళ్లేది క్యూలతో, బయటికి వచ్చేది వేలర్‌తో. మొదటి క్యూతో దగ్గరికి, దెబ్బ, రెండో క్యూ, దెబ్బ, డబ్ల్యూ స్టన్, దెబ్బ, మూడో క్యూతో గాల్లోకి లేపి, వాడు కింద పడేలోపు వేలర్‌తో వెనక్కి. వాడు తిరిగి కొట్టే దెబ్బ మీ షీల్డ్ మీద పడుతుంది. దాదాపు ప్రతి లేన్‌లోనూ ఇది చేయవచ్చు, ప్రతిసారీ మీరు కాస్త లాభంలోనే వస్తారు.

పెద్దదానిలో ఉద్దేశం చంపడం. అప్పుడు వేలరే ముందు: వేలర్, డబ్ల్యూ, దెబ్బ, క్యూ, దెబ్బ, క్యూ, దెబ్బ, క్యూ, దెబ్బ. బయటికి రావడానికి ఏమీ మిగలదని తెలిసే వెళ్తున్నారు. కాబట్టి మూడు విషయాలు తేలాకే వెళ్లండి: ఎదుటి జంగ్లర్ ఎక్కడున్నాడో తెలియాలి, ఎదుటివాడి ఫ్లాష్ ఉందో లేదో తెలియాలి (వాడితే 5 నిమిషాలు ఉండదు, టైమ్ గుర్తుపెట్టుకోండి), వాడి వెనక మినియన్లు ఎన్నున్నాయో చూడాలి. తొలి లెవెల్స్‌లో మినియన్ల గుంపు కొట్టే దెబ్బలు తక్కువేం కాదు. రివెన్‌తో గెలవాల్సిన కొట్లాటను వాడి మినియన్ల మధ్యలో పెట్టుకుని ఓడిపోవడం రోజూ జరిగేదే.

తప్పు ఎక్కువగా ఈ రెండింటి నడుమ జరుగుతుంది. చిన్న దెబ్బలాటకని వెళ్లి, ఎదుటివాడి ప్రాణం సగానికి పడగానే ఆశపుట్టి వేలర్‌ను కూడా ముందుకే వాడేస్తాం. వాడు 15 శాతంతో టవర్ కిందికి చేరతాడు, మన చేతిలో ఏమీ ఉండదు, అప్పుడే పొదలోంచి జంగ్లర్ వస్తాడు.

మానా లేదు కదా అని ప్రతి వేవ్‌నూ క్యూలతో ఊడ్చేయడం ఇంకో సరదా. వేవ్ తోసేకొద్దీ మీ టవర్‌కి దూరమవుతారు, మినియన్ల మీద వాడిన క్యూ కొట్లాటకు ఉండదు. తోయడానికి కారణం ఉంటేనే తోయండి: రీకాల్ వెళ్లాలన్నా, వేరేచోట జట్టుకు సాయం కావాలన్నా, వేవ్‌ను వాడి టవర్‌కి కొట్టించి కదలండి. లేదంటే చివరి దెబ్బలు మాత్రమే కొడుతూ వేవ్‌ను మీ వైపే ఉంచుకోండి. పొడవాటి టాప్ లేన్‌లో వాడు మీ వైపు వచ్చి నిలబడితే, వెంటాడటానికి నాలుగు దూకుళ్లున్న మనిషి మీరే.

జంగ్లర్ వచ్చాడంటే కంగారుపడి మూడు క్యూలూ ఒకేసారి వాడకండి. మొదటి రెండూ గోడ వైపు నడవడానికి, మూడోది గోడ దాటడానికి. వెంటాడేవాడు గోడ చుట్టూ తిరిగి రావాలి. ఏ గోడను ఎక్కడి నుంచి దాటవచ్చో ప్రాక్టీస్ టూల్‌లో ఒకసారి టాప్ చుట్టూ తిరిగి చూసుకోండి. గోడకు ఆనుకుని నిలబడి దాని వైపే ముఖం పెట్టాలి, ఏటవాలుగా నొక్కితే గోడకు గుద్దుకుని అక్కడే ఆగిపోతారు.

ఎదురుగా ఎవరున్నారు

ప్రతి ఛాంపియన్‌కీ వేరే పాఠం ఉంటుంది, అన్నీ రాస్తే పుస్తకమవుతుంది. దూకేవాళ్లకు ఇబ్బంది పెట్టే కొందరి గురించే చెబుతాను.

డేరియస్‌ను చూసి వెనక్కి దూకుతారు అందరూ, అక్కడే దెబ్బతింటారు. వాడి క్యూ గొడ్డలి తిప్పడం. తిప్పేముందు ముప్పావు సెకను గొడ్డలి ఎత్తి ఉంచుతాడు. అంచు తగిలితే పెద్ద దెబ్బ, రక్తస్రావం, పైగా వాడికి ప్రాణం కూడా తిరిగొస్తుంది. గొడ్డలి కర్ర తగిలితే మాత్రం చిన్న దెబ్బే, ప్రాణమూ రాదు. గొడ్డలి పైకి లేవడం కనిపించగానే వేలర్‌తో వెనక్కి కాదు, వాడి మీదికే దూకండి. ఒక్కసారి ఇది పనిచేయడం చూశాక ఆ లేన్ అంటే భయం సగం పోతుంది. అలాగని అక్కడే ఉండిపోకండి, రక్తస్రావం ఐదు మెట్లు ఎక్కితే డేరియస్ వేరే మనిషి.

జాక్స్ లాంతరు తిప్పడం మొదలుపెడితే రెండు సెకన్లు మీ మామూలు దెబ్బలేవీ తగలవు, చివర్లో స్టన్ కూడా. రివెన్ దెబ్బల్లో సగం మామూలు దెబ్బలే కదా. ఒక దూకుడు ఖర్చు పెట్టి బయటికి రండి, అది ఆగగానే మిగతావాటితో తిరిగి వెళ్లండి. చిన్న దెబ్బలాటలో మూడో క్యూని అట్టేపెట్టుకోవడం ఇలాంటి చోట అక్కరకొస్తుంది.

ఫియోరా కత్తి అడ్డుపెట్టి మీ స్టన్‌నో మూడో క్యూనో ఆపితే స్టన్ అయ్యేది మీరే. ఆమె ఎదురుచూసేది సరిగ్గా ఆ రెండింటి కోసమే. రెండు క్యూలు వాడి, మూడోది వేస్తున్నట్టు దగ్గరికెళ్లి ఆగండి. ఆమె తొందరపడి అడ్డుపెట్టేస్తే, ఆ తర్వాత కొట్లాట మీదే.

రెనెక్టన్ దగ్గర చూడాల్సింది వాడి ఫ్యూరీ బార్. 50 దాటి ఉంటే వాడి డబ్ల్యూ బలపడుతుంది, మీ వేలర్ షీల్డ్‌ను కూడా పగలగొడుతుంది. 50 కంటే తక్కువ ఉన్నప్పుడే దెబ్బలాటకు దిగండి. గారెన్ క్యూ తగిలితే నోరు మూతపడుతుంది, అంటే దూకుడు కూడా బంద్. అది తగలకముందే వేలర్ వాడేయాలి, తగిలాక కాదు.

పాపీ దగ్గర మాత్రం ఓపికే మార్గం. ఆమె డబ్ల్యూ ఆన్ చేస్తే ఆ వలయంలో దూకినవాళ్లు మధ్యలోనే ఆగిపోతారు. అది తెరిచేదాకా నడుస్తూనే ఉండండి, మామూలు దెబ్బలు కొడుతూ ఉండండి, తెరిచి ముగిశాకే దూకండి. జట్టు కొట్లాటల్లో కాసియోపియా విషపు పొగ కూడా అంతే, అందులో ఉన్నంతసేపూ ఎవరూ దూకలేరు.

జట్టు కొట్లాటలో ఎప్పుడు దిగాలి

ఇక్కడ రివెన్ ఆడేవాళ్లు చేసే పని ఒకటే: మొదట దూకేయడం. మొదట దూకడం ట్యాంకుల పని. మీ మీద ఒక మంచి స్టన్, ఒక రూట్ పడితే చాలు, మీ నాలుగు దూకుళ్లూ జేబులో ఉండగానే చచ్చిపోతారు.

మ్యాచ్ లోడ్ అవుతున్నప్పుడే ఎదుటి ఐదుగురిని చూసి, మిమ్మల్ని ఆపగలిగే స్కిల్స్ రెండు ఎంచుకోండి. మోర్గానా క్యూ, యాష్ బాణం, త్రెష్ కొక్కెం, లులూ మిమ్మల్ని చిన్న జంతువును చేసే స్కిల్, ఇలాంటివి. అన్నిటినీ గుర్తుపెట్టుకోవాలని చూస్తే ఏదీ గుర్తుండదు, రెండు చాలు. కొట్లాట మొదలయ్యాక ఆ రెండూ ఎవరి మీదో ఒకరి మీద పడేదాకా పక్కన ఆగండి. ఆ ఆగే రెండు మూడు సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, జట్టువాళ్లు ప్రశ్నార్థకం పింగ్‌లు కూడా కొడతారు. కొట్టనివ్వండి.

ఆగేచోటు ముఖ్యం. మీ జట్టు వెనక కాదు, పక్కన. పొదలోనో, గోడ చాటునో. అక్కడ మొదటి రెండు క్యూలూ మెల్లగా వాడేసి మూడోది సిద్ధంగా పెట్టుకోండి, కనబడని చోట ఉన్నప్పుడే ఆర్ తెరవండి. 15 సెకన్లు తక్కువేం కాదు, కానీ కొట్లాట మొదలవ్వకముందే తెరిస్తే చప్పున అయిపోతాయి. తర్వాత గోడ మీదుగా మూడో క్యూ, డబ్ల్యూ, దెబ్బ. వేలర్ ఇంకా మీ దగ్గరే ఉంది, గమనించండి.

ఎవరిని కొట్టాలి? క్యారీని, అంటే జట్టులో ఎక్కువ డ్యామేజ్ చేసేవాడిని, అంటారు అందరూ. చేరగలిగితే క్యారీనే. కానీ క్యారీని చేరడానికి నాలుగూ ఖర్చయిపోతుంటే, దారిలో ఉన్నవాడిని కొట్టడమే మేలు. ఒక్కోసారి వెనక్కి తిరిగి, మీ క్యారీ మీద పడ్డ శత్రువుని డబ్ల్యూ, మూడో క్యూలతో ఆపడం అన్నిటికంటే గొప్ప పని. స్కోర్‌బోర్డులో కనిపించదు, మ్యాచ్ గెలుస్తుంది.

విండ్ స్లాష్‌ను ఎవరిదో ప్రాణం పావు వంతుకు తగ్గేదాకా దాచి, దాచి, గడువు అయిపోయి పోగొట్టుకోకండి. ముగ్గురు ఒకే వరుసలో ఉండి సగం ప్రాణంతో ఉంటే అప్పుడే వదిలేయండి. ఒక్కడిని ముగించాలంటే విండ్ స్లాష్ తర్వాత వెంటనే మూడో క్యూ కలిపితే రెండూ దాదాపు ఒకేసారి పడతాయి. ఎదుటివాడి దగ్గర జోన్యా అనే వస్తువు ఉంటే ముందే చూసుకోండి. బంగారు బొమ్మయి నిలబడ్డ 2.5 సెకన్లూ వాడికి ఏమీ తగలదు. ఆ సమయంలో వాడి చుట్టూ తిరగకుండా ఇంకొకరిని కొట్టి, వాడు లేచే క్షణానికి స్టన్ అట్టేపెట్టండి.

వెనకబడ్డప్పుడు

రివెన్ వెనకబడితే కష్టమే, అది ఒప్పుకుని ఆడాలి. రెండుసార్లు చనిపోయాక పెద్ద దెబ్బలాటలు ఆపేయండి. వేలర్ కూల్‌డౌన్ క్యూ కంటే తక్కువ, లెవెల్ పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. దాన్ని ఎదుటివాడి దెబ్బలు కాచుకోవడానికే వాడుతూ, అందిన మినియన్లు తీసుకుంటూ, అందనివి వదిలేస్తూ ఆరో లెవెల్ దాకా రండి. ఆర్ కూల్‌డౌన్ మొదట్లో రెండు నిమిషాలు కాబట్టి, అది చేతిలో ఉన్నప్పుడే మీ జంగ్లర్‌ను పిలవండి. డబ్ల్యూ, మూడో క్యూ కలిపితే ఒకటిన్నర సెకన్లు వాడిని కదలనివ్వకుండా పట్టుకుంటారు. రెండో మనిషి పక్కన ఉంటే అది చాలు.

వస్తువుల సంగతి సీజన్ సీజన్‌కీ మారుతుంది, పేర్లు కంఠస్థం చేయడం కంటే ఏం ఇస్తున్నాయో చూడండి. దాడి బలం, హేస్ట్ రెండూ ఇచ్చేవి ముందు. ముందున్నప్పుడు దెబ్బ పెంచుకోండి, వెనకబడ్డప్పుడు కాస్త ప్రాణం, ఆర్మర్ ఇచ్చేవి చూడండి. ఎదుటి జట్టులో స్టన్‌లు ఎక్కువుంటే బూట్లతో వాటి గడువు తగ్గించుకోవడం నామోషీ కాదు.

రీప్లే చూడటం

ఓడిన మ్యాచ్ మొత్తం చూడక్కర్లేదు, ఎవరికీ అంత ఓపిక ఉండదు. మీరు చనిపోయిన చోట్ల మాత్రం పది సెకన్లు వెనక్కి తీసుకెళ్లి, నిదానంగా నడిపించి చూడండి. తెర కింద నాలుగు స్కిల్ బొమ్మలు కనిపిస్తాయి. ప్రాణం పోయే క్షణంలో వాటిలో ఏవి బూడిద రంగులో ఉన్నాయో, వాటిని ఎప్పుడు, ఎందుకు వాడారో రాసుకోండి. "క్యూ: మినియన్లు చంపడానికి. వేలర్: వెంటాడటానికి." ఇలా పొడిపొడిగా చాలు. నాలుగైదు మ్యాచ్‌లకే ఒకే వాక్యం పదే పదే కనిపించడం మొదలవుతుంది. తర్వాతి మ్యాచ్‌లో ఆ ఒక్కదాని మీదే కన్నేయండి, మిగతా తప్పులు జరిగినా పట్టించుకోకండి.

నాలుగు బొమ్మలూ వెలుగుతుండగానే చనిపోయారంటే అది వేరే జబ్బు: ఆపే స్కిల్ ఎవరి దగ్గరుందో చూడకుండా వెళ్లారు. దానికి మందు పైన జట్టు కొట్లాట దగ్గర చెప్పిందే.

ఛాంపియన్ ఎంపికలో ఇంకో మాట. బ్యాన్ దగ్గర, మీకు నిజంగా ఎవరితో ఇబ్బందో వాళ్లనే బ్యాన్ చేయండి. నేనైతే పాపీని, లేదా ఆ వారం ఎక్కువగా కనిపిస్తుంటే రెనెక్టన్‌ను. మీ టాప్ ఎంపిక ముందే వస్తే, ఎదుటివాడు మిమ్మల్ని చూసి తన ఛాంపియన్‌ను ఎంచుకుంటాడు. జట్టులో ఎవరైనా చివరి ఎంపిక మార్చుకోవడానికి ఒప్పుకుంటే అడగండి, మొహమాటం వద్దు. ఎవరూ ఒప్పుకోకపోతే రివెన్ బదులు ఇంకో ఛాంపియన్ తీసుకోవడానికి వీలుగా, పక్కన ఒకరిని నేర్చుకుని ఉంచుకోండి.